మేనమామ, మేనత్త - ఈ ‘మేన’ అంటే ఏమిటి?



ఆదివారం మనల్ని చూడటానికి ఇంటి నుంచి ఎవరైనా వస్తే గేటు కాడ రిజిష్టరులో సంతకం పెట్టాలి గదా. అందులో ‘విద్యార్థికి ఏమవుతారు?’ అని ఒక గడి ఉంటుంది. చాలామంది ఆ గడిలో ‘అంకుల్’ అని రాస్తున్నారు. నాయిన తమ్ముడు వచ్చినా అంకులే, అమ్మ తమ్ముడు వచ్చినా అంకులే, చిన్నమ్మ పెనిమిటి వచ్చినా అంకులే. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట కాబట్టి ఇంగ్లీషు పరీక్షలో అట్లనే రాయాలి. కానీ మన తెలుగులో అమ్మ తమ్మునికి వేరే మాట ఉన్నది. ఆ మాట ముందర ‘మేన’ అని రెండక్షరాలు ఉంటాయి. ఆ రెండక్షరాలు ఎవరికి వస్తాయి, ఎవరికి రావు, వాటి అర్థమేమిటి అన్నది ఈ వ్యాసంలో తెలుసుకుందాం. చివరిదాకా చదవండి. పదో తరగతి అక్కలకు అవసరమైన సంగతి చివర్లో ఉన్నది.

‘మేన’ ఎవరికి వస్తుంది?

దీనికి ఒక చిన్న సూత్రం ఉన్నది. లెక్కల సూత్రం లాగ కంఠస్థం చేయండి.

తోడబుట్టిన ఇద్దరూ మగవాళ్లే అయితే, లేదా ఇద్దరూ ఆడవాళ్లే అయితే ‘మేన’ రాదు. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే ‘మేన’ వస్తుంది.

ఇప్పుడు ఉదాహరణలు చూద్దాం.

1. నాయినకు తోడబుట్టిన మగవాళ్లు: ఇద్దరూ మగవాళ్లే కాబట్టి మేన రాదు. పెద్దవాడైతే పెద్దనాయన, పెద్దబాపు. చిన్నవాడైతే చిన్నాయన, చిన్నబాపు, కాక. చూడండి, పెద్దనాయనలో ‘నాయిన’ ఉన్నాడు, చిన్నబాపులో ‘బాపు’ ఉన్నాడు. అంటే ఆయన కూడా మనకు తండ్రి లెక్కనే.

2. అమ్మకు తోడబుట్టిన ఆడవాళ్లు: ఇద్దరూ ఆడవాళ్లే. ఇక్కడా మేన రాదు. పెద్దమ్మ, చిన్నమ్మ. ఈ మాటల్లో ‘అమ్మ’ ఉన్నది.

3. అమ్మకు తోడబుట్టిన మగవాళ్లు: ఒకరు ఆడ, ఒకరు మగ. మేన వచ్చింది. మేనమామ.

4. నాయినకు తోడబుట్టిన ఆడవాళ్లు: ఇక్కడా ఒకరు మగ, ఒకరు ఆడ. మేనత్త.

ఇక వీళ్ల పిల్లల సంగతి. పెద్దనాయన, చిన్నాయన, పెద్దమ్మ, చిన్నమ్మల పిల్లలు మనకు అన్న, తమ్ముడు, అక్క, చెల్లె. సొంత తోడబుట్టినవాళ్లకూ వీళ్లకూ పిలుపులో తేడా లేదు. మేనమామ, మేనత్తల పిల్లలు మాత్రం బావ, బామ్మర్ది, వదిన, మరదలు అవుతారు.

అదే సూత్రాన్ని తిరగేస్తే ఇంకో రెండు మాటలు దొరుకుతాయి. మగవానికి అక్కచెల్లెండ్ల కొడుకు మేనల్లుడు, బిడ్డ మేనకోడలు. ఆడమనిషికి అన్నదమ్ముల కొడుకు మేనల్లుడు, బిడ్డ మేనకోడలు. కానీ మగవానికి అన్నదమ్ముల పిల్లలు కొడుకు, బిడ్డలే. ఆడమనిషికి అక్కచెల్లెండ్ల పిల్లలు కూడా కొడుకు, బిడ్డలే. అందుకే చిన్నమ్మ మనల్ని “కొడుకా”, “బిడ్డా” అని పిలుస్తుంది. మేనత్త అయితే “అల్లుడా”, “కోడలా” అంటుంది. ఇద్దరికీ మనమీద పావురం ఒకటే. పిలుపే వేరు.

పైన ‘కాక’ అన్న మాట వచ్చింది. ఇది కోస్తా వైపు పుస్తకాల్లో అంతగా కనిపించదు. మన తెలంగాణలో నాయిన తమ్మున్ని కాక అంటాం. మరాఠీలో, హిందీలో కూడా కాకా అనే మాట ఉన్నది. ఊళ్లో చుట్టం కాకపోయినా పెద్దమనిషిని కాక అని పిలవడం మనకు అలవాటే. కార్మిక నాయకుడు, కేంద్ర మంత్రిగా పనిచేసిన గడ్డం వెంకటస్వామి (1929-2014) గారిని తెలంగాణ అంతా ‘కాకా’ అనే పిలిచేవారు.

‘మేన’కు అర్థమేమిటి?

తెలుగులో మేను అంటే ఒళ్లు, శరీరం. ‘మేన’ దానినుంచి వచ్చిందేనని పెద్దలు చెప్తారు. అంటే ఒంటితో వచ్చిన చుట్టరికం, పుట్టుకతో వచ్చిన చుట్టరికం అని అర్థం చేసుకోవచ్చు.

ఈ మాట ఎందుకు అవసరమైందో కూడా ఆలోచించండి. తెలుగులో ‘మామ’ అంటే ఇద్దరున్నారు. అమ్మ తోడబుట్టినవాడు ఒక మామ. పెండ్లయినాక భార్య తండ్రి లేదా భర్త తండ్రి ఇంకో మామ. ‘అత్త’ అంటే కూడా ఇద్దరు. నాయిన తోడబుట్టినామె ఒక అత్త, పెండ్లితో వచ్చిన అత్త ఇంకొకామె. ‘అల్లుడు’, ‘కోడలు’ కూడా ఇంతే. ఎవరి గురించి చెప్తున్నామో తెలియాలంటే ఏదో ఒక గుర్తు ఉండాలి. పెండ్లితో వచ్చినాయనను మన దిక్కు ‘పిల్లనిచ్చిన మామ’ అంటారు. పుట్టుకతో వచ్చినాయన ‘మేనమామ’.

అంటే పిల్లనిచ్చిన మామ కావాలంటే పుస్తె కట్టాలి. మేనమామ కావాలంటే మనం పుడితే చాలు. మనం పుట్టిన రోజే ఆయన మేనమామ అయిపోయాడు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. కింద మళ్లీ పని పడుతుంది.

మేనమామ చేసే పనులు

మేనమామ పేరుకే మామ కాదు, ఆయనకు పనులున్నాయి. ఇవి ఊరుకూ ఊరుకూ, కులానికీ కులానికీ కొంచెం మారుతాయి. ఎక్కువగా కనిపించేవి ఇవి:

(అ) పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు పిల్లవాన్ని మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. మొదటి కత్తెర ఆయనే వేస్తాడు.

(ఆ) చెవులు కుట్టేటప్పుడు కూడా ఆయన ఒడే కావాలి. పిల్లలు ఏడిస్తే గట్టిగ పట్టుకునేది ఆయనే.

(ఇ) ఆడపిల్ల పెద్దమనిషి అయితే మేనమామ ఇంటి నుంచి బట్టలు వస్తాయి.

(ఈ) పెండ్లిలో పెండ్లిపిల్లను గంపలో కూర్చోబెట్టి మేనమామలు పందిట్లోకి తెచ్చే ఆచారం చాలాచోట్ల ఉన్నది.

(ఉ) అమ్మకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు గదా. అమ్మకు అది తమ్ముడో అన్ననో పెట్టిన గౌరవం. మనకు అది మేనమామ ఇంటి గౌరవం.

వీటన్నిటి వెనుక ఒక సంగతి ఉన్నది. పూర్వం ఆడపిల్ల అత్తగారింటికి పోతే ఆమె కష్టసుఖం అడిగేవాడు తోడబుట్టినవాడే. పిల్లల శుభకార్యం అంటే ఆయన రావాలి. వచ్చినప్పుడల్లా అక్క ఎట్లున్నది, చెల్లె ఎట్లున్నది అని కళ్లారా చూసుకొని పోతాడు. అందుకే పెద్దలు పిల్లల ప్రతి పండుగలోనూ ఆయనకు ఒక పని పెట్టి ఉంటారనిపిస్తుంది.

ఒక మూఢనమ్మకం కూడా చెప్పాలి. పిల్లలు పేగు మెడకు చుట్టుకొని పుడితే మేనమామకు గండమని, ఆయన ముందుగా నూనెలో పిల్లవాని నీడ చూసినాకనే మొఖం చూడాలని కొన్ని ఊళ్లలో అంటారు. పేగు మెడకు చుట్టుకోవడం కాన్పుల్లో తరచుగా కనిపించేదే. కడుపులో పిల్ల తిరుగుతుంటే అట్ల చుట్టుకుంటుంది. చూడవలసింది పిల్ల ఊపిరిని. అది నర్సమ్మ, డాక్టరు చూసుకుంటారు. మేనమామకు ఏ గండమూ లేదు.

కథల్లో మేనమామలు

మన కథల నిండా మేనమామలే. కృష్ణునికి కంసుడు మేనమామ. దేవకికి అన్న వరుస కాబట్టి. కౌరవులకు శకుని మేనమామ. గాంధారికి తోడబుట్టినవాడు కాబట్టి. ఇద్దరూ చెడ్డ మేనమామలే. మంచి మేనమామ కూడా ఉన్నాడు, ఆయన అభిమన్యునికి మేనమామ అయిన కృష్ణుడు. సుభద్ర ఆయన చెల్లె గదా.

అర్జునుడు సుభద్రను చేసుకున్నాడు. అర్జునుని తల్లి కుంతి, సుభద్ర తండ్రి వసుదేవుడు తోడబుట్టినవాళ్లు. మన సూత్రం పెట్టి చూడండి: ఒకరు ఆడ, ఒకరు మగ. మేన వచ్చింది. కాబట్టి సుభద్ర అర్జునునికి మేనమామ బిడ్డ, మరదలు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సినిమాలో శశిరేఖ, అభిమన్యుడు కూడా మేనమామ బిడ్డ, మేనత్త కొడుకే.

ఆకాశంలో ఉన్న చంద్రున్ని కూడా మనం మామనే చేసుకున్నాం. చందమామ అంటాం. లక్ష్మీదేవి, చంద్రుడు ఇద్దరూ పాలసముద్రంలో పుట్టారు కాబట్టి తోడబుట్టినవాళ్లు, లక్ష్మి మనకు అమ్మ కాబట్టి చంద్రుడు మామ అని పెద్దలు వివరం చెప్తారు.

పెంటల్లో, తండాల్లో, దేశం అవతల

మన బడిలో చెంచు పిల్లలున్నారు, లంబాడీ పిల్లలున్నారు.

నల్లమల చెంచులు మాట్లాడేది తెలుగే. వాళ్లలో ఒకే ఇంటిపేరువాళ్లు అన్నదమ్ముల లెక్క, వాళ్ల మధ్య పెండ్లి జరగదు. అమ్రాబాద్ వైపు చెంచులు దేవునితో కూడా వరుస కలుపుకున్నారు. శ్రీశైలం మల్లన్న వేటకు వచ్చి చెంచుల ఆడపడుచును పెండ్లి చేసుకున్నాడని, అందుకే ఆయన తమ అల్లుడని చెప్తారు. చెంచు మల్లన్న అని పిలుచుకుంటారు. దేవుని ముందు చేతులు కట్టుకొని నిలబడేవాళ్లు చాలామంది. దేవున్ని అల్లుడా అని పిలిచే హక్కు చెంచులది.

లంబాడీ బాస వేరే వంశం. రాజస్థానీ, గుజరాతీలకు దగ్గర. ఇంట్లో అమ్మను యాడి అంటారు. ఒకే గోత్రంవాళ్లు అన్నాచెల్లెండ్ల లెక్క కాబట్టి వాళ్ల మధ్య పెండ్లి కుదరదు. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు తండాల పిల్లలకు ఇంట్లో ఒక వరుసల పద్ధతి, బడి పుస్తకంలో ఇంకో వరుసల పద్ధతి. రెండూ తెలిసి ఉండటం తక్కువ కాదు, రెండు లాంతర్లు ఉన్నట్టు. 

ఇప్పుడు చాలా దూరం పోదాం. అమెరికాలో లూయీ హెన్రీ మోర్గాన్ అనే ఆయన అక్కడి సెనెకా అనే ఆదివాసుల వరుసలు రాసుకున్నాడు. వాళ్లు నాయిన తోడబుట్టినవాన్ని నాయిన అనే అంటారు, అమ్మ తోడబుట్టినామెను అమ్మ అనే అంటారు. అమ్మ తోడబుట్టిన మగవానికి మాత్రం వేరే మాట. తర్వాత ఆయన దేశదేశాలకు కాగితాలు పంపించి వరుసల పేర్లు తెప్పించాడు. మన దేశం నుంచి తమిళం, తెలుగు వరుసలు వచ్చాయి. చూస్తే సెనెకాల సూత్రం, మన సూత్రం చాలావరకు ఒకటే! 1871లో అచ్చయిన ఆయన పెద్ద పుస్తకంలో మన తెలుగు వరుసలు ఉన్నాయి. దీన్నిబట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచే పోయినట్టు రుజువైందని ఆయన అనుకున్నాడు. ఒకే తీరు వరుసలు ఉన్నంత మాత్రాన ఒకే వంశమని చెప్పలేమని తర్వాతివాళ్లు తేల్చారు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఇది. సెనెకాలకు మేనమామ బిడ్డను చేసుకోవాలనే ఆచారం లేదు. అయినా వాళ్ల వరుసలు వాళ్లకు ఉన్నాయి. అంటే ఈ వరుసలు నిలబడటానికి పెండ్లే కావాలన్న నియమం ఏమీ లేదు.

వరుస వేరు, పెండ్లి వేరు

మన దక్షిణాదిలో మాత్రం వరుసతో పాటు మేనరికం పెండ్లి కూడా చాలా పాతది. మేనమామ బిడ్డను, మేనత్త బిడ్డను చేసుకోవడం దక్షిణాదివాళ్ల ఆచారమని బౌధాయన ధర్మసూత్రంలోనే ఉన్నది. మేనమామే అక్క బిడ్డను చేసుకోవడం కూడా మన దిక్కు ఉన్నది.

మేనరికం చేసేవాళ్లు చెడ్డవాళ్లని అనడం న్యాయం కాదు. వాళ్ల లెక్కలు వాళ్లకు ఉంటాయి. తెలిసిన ఇల్లు, పిల్లను మంచిగ చూసుకుంటారు. కట్నం తక్కువైతది. భూమి బయటివాళ్లకు పోదు. ముసలితనంలో అవ్వ తాతలను సొంత మనుమరాలే చూసుకుంటది. ఇవన్నీ ప్రేమతో, భయంతో కలిసి వచ్చిన ఆలోచనలు.

కష్టం ఎక్కడ వస్తుందంటే, పిల్ల తొట్టెలలో ఉన్నప్పుడే “నా కోడలు”, “నీ పెండ్లాం వచ్చింది చూడు” అని పరాచికం మొదలవుతుంది. పదేండ్లు అదే మాట వింటే పరాచికం కాస్త ఒప్పందం అవుతుంది. పిల్ల ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఉండగానే “ఎట్లయినా మామకే గదా, ఇంక చదువెందుకు” అంటారు. పిల్ల వద్దంటే “మా తమ్మునితో చుట్టరికం తెంపుతావా” అని అమ్మ ఏడుస్తుంది. ఇక్కడే చాలామంది అక్కలు నోరు మూసుకుంటారు.

పైన గుర్తుపెట్టుకోమన్న మాటను ఇప్పుడు తీయండి. మేన చుట్టరికం పుట్టుకతో వచ్చింది. పెండ్లి చేస్తే అది పుట్టదు, పెండ్లి చేయకపోతే అది తెగదు. పెండ్లి వద్దన్న పిల్లకు కూడా ఆయన మేనమామే. గంపలో మోసుకొచ్చే వంతు ఆయనదే, బట్టలు పెట్టే వంతు ఆయనదే. “మామా, నేను పుట్టిన్నాడే నువ్వు నాకు మేనమామవైనవు. అది చాలదా, నన్ను చదువుకోనియ్యి” అని అడగొచ్చు. ఇది ఎదురు చెప్పడం కాదు. మాటకు ఉన్న అసలు అర్థం చెప్పడమే.

సైన్సు ఏమంటుంది?

జన్యువులు సగం అమ్మ నుంచి, సగం నాయిన నుంచి వస్తాయని పదో తరగతి జీవశాస్త్రంలో చదువుకుంటాం. దాన్నిబట్టి లెక్క వేస్తే మేనమామకు, మేనకోడలికి సగటున నాలుగో వంతు జన్యువులు ఒకటే ఉంటాయి. మేనబావ, మేనమరదళ్లకు ఎనిమిదో వంతు. ప్రతి మనిషిలోనూ కొన్ని లోపమున్న జన్యువులు దాగి ఉంటాయి. ఒక్కటే ఉంటే బయటపడవు. తల్లిలో, తండ్రిలో అదే లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ పిల్లకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తలసేమియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులు, కొన్ని రకాల పుట్టు చెవుడు ఇట్ల వచ్చేవే. దగ్గరి చుట్టాలైతే ఇద్దరిలో అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

మామూలు దంపతులకు పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పెద్ద లోపాలు కనిపిస్తే, మేనబావ మరదళ్ల పిల్లల్లో అది దాదాపు రెట్టింపు. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కాబట్టి మేనరికం చేసుకున్నవాళ్ల పిల్లలను చూసి ఎవరూ ఎగతాళి చేయవద్దు. మన బడిలో కూడా అట్లాంటి ఇండ్ల పిల్లలు ఉండొచ్చు. అపాయం ఉన్నదని తెలుసుకుంటే చాలు. ఇప్పటికే మేనరికం చేసుకున్నవాళ్లు కాన్పుకు ముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

చట్టం ఏమంటుంది?

1955 హిందూ వివాహ చట్టం దగ్గరి చుట్టాల పెండ్లిని కాదంటుంది కానీ ఆచారం ఉన్నచోట ఒప్పుకుంటుంది. ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. కానీ 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం అన్ని కులాలకు, అన్ని తెగలకు ఒకటే. ఆడపిల్లకు 18 ఏండ్లు, మగవానికి 21 ఏండ్లు నిండాలి. వరుడు మేనమామ అయినా, బావ అయినా మినహాయింపు లేదు. చిన్న వయసులో పెండ్లి జరిపించినవాళ్లకు రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అట్ల పెండ్లయిన పిల్ల 18 నిండిన తర్వాత రెండేండ్ల లోపల కోర్టులో ఆ పెండ్లిని రద్దు చేయించుకోవచ్చు. ఆపద అనిపిస్తే ఏ ఫోను నుంచైనా 1098కు చేయవచ్చు, పైసలు పడవు. వార్డెనుకు గానీ మీకు నమ్మకం ఉన్న టీచరుకు గానీ ముందే చెప్పండి. పెండ్లి పందిరి వేసినాక ఆపడం కష్టం, మాట అనుకున్నప్పుడే ఆపడం సులువు.

ఇక మనం చేయవలసినవి

1. రిజిష్టరులో ‘అంకుల్’ అని కాకుండా మేనమామ, చిన్నాయన, పెద్దనాయన అని సరిగ్గ రాయించండి. ఎవరు తీసుకుపోయారో తెలియడం పిల్లల క్షేమానికి కూడా మంచిది.

2. చిన్నపిల్లలను “నీ మొగడు”, “నీ పెండ్లాం” అని ఎగతాళి చేయకండి.

3. మీ ఇంటి బాసలో అమ్మ తోడబుట్టినవాన్ని, నాయిన తోడబుట్టినామెను ఏమని పిలుస్తారో ఒక కాగితం మీద రాసి తెలుగు సారుకు ఇవ్వండి. లంబాడీ మాటలు, చెంచు మాటలు, మీ ఊరి మాటలు అన్నీ కలిపి వచ్చే పత్రికలో పట్టిక వేద్దాం.

చిక్కు ప్రశ్నలు

(క) మా అమ్మకు ఒక్కతే చెల్లె. ఆమెకు ఒక్కడే కొడుకు, నాకంటే చిన్న. వాడు నాకు బామ్మర్దా, తమ్ముడా?

(ఖ) ఒకాయన ఒక పిల్లను చూపించి “ఈ పిల్ల నాయినకు నేను మేనమామను” అన్నాడు. ఆ పిల్ల నాయినమ్మ ఆయనకు ఏమవుతుంది?

(గ) మా నాయిన చెల్లె నన్ను “కోడలా” అని పిలుస్తుంది. నేను పిల్లనా, పిల్లగాన్నా?

జవాబులు: (క) తమ్ముడు. ఇద్దరూ ఆడవాళ్లే కాబట్టి మేన రాదు. (ఖ) అక్క లేదా చెల్లె. (గ) పిల్లనే. పిల్లగాన్నయితే “అల్లుడా” అనేది.